ఎండ, భయం, కోడి ఒంట్లోని హార్మోను

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ జిల్లా పేజీలో కోళ్ల గురించి రెండు విషయాలు వచ్చాయి. మొదటిది, వడగాలులకు షెడ్లలో కోళ్లు చనిపోతున్నాయన్న వార్త. రెండోది, హార్మోను సూదులు వేసి పెంచిన బ్రాయిలర్ కోళ్లను తినవద్దంటూ ఒక పాఠకుడు రాసిన లేఖ. నల్లగొండ జిల్లా పశువైద్యశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి కావడం వల్ల ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివాను. లేఖ రాసిన పెద్దమనిషి ఏ హార్మోనును చూసి భయపడుతున్నారో అది మన షెడ్లలో లేదు. వార్తలో చెప్పిన కోళ్ల చావు వెనక మాత్రం ఒక హార్మోను కచ్చితంగా ఉంది, దాన్ని కోడి తన ఒంట్లో తానే తయారుచేసుకుంటుంది. దాని గురించి రైతులకు గానీ, కోడిమాంసం కొనేవారికి గానీ ఎవరూ పెద్దగా చెప్పడం లేదు కనుక ఈ ఉత్తరం కాస్త పొడుగైనా ప్రచురిస్తారని ఆశిస్తున్నాను.

ముందుగా సూదుల సంగతి తేల్చుకుందాం. ఐదు వేల కోళ్లున్న షెడ్డులో ఒక్కొక్క కోడినీ పట్టుకుని సూది వేయాలంటే ఎంతమంది కూలీలు కావాలి, ఎన్నిసార్లు వేయాలి అని షెడ్డు నడిపే రైతును అడిగి చూడండి, ముందు నవ్వి ఆ తర్వాత లెక్క చెబుతాడు. పెరుగుదల హార్మోను ఒక ప్రోటీను కాబట్టి దాణాలో కలిపి పెడితే మనం తిన్న పప్పు అరిగినట్టే అదీ కోడి కడుపులో అరిగిపోతుంది. మరి నలభై రోజులకే కోడి రెండు కిలోలు ఎలా దాటుతోందంటే, వేగంగా పెరిగే కోళ్లను ఏరి, వాటినే జతకట్టించి, తరం తర్వాత తరంగా ఆ పని చేస్తూ రావడం వల్ల. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం వారు 1957 నాటి కోళ్లను, 1978 నాటి కోళ్లను మార్పు లేకుండా కాపాడుకుంటూ వచ్చి, వాటిని 2005 నాటి బ్రాయిలర్లతో కలిపి ఒకే రకం దాణాతో పెంచి చూశారు. 56 రోజులు నిండేసరికి మొదటి రకం సగటున 905 గ్రాములు, రెండోది 1,808 గ్రాములు, మూడోది 4,202 గ్రాములు తూగాయి. 2014లో అచ్చయిన ఆ ఫలితాల్లో తేడా అంతా పుట్టుకలోనే ఉంది. మందుల దుకాణంలో దొరికే డెక్సామెథసోన్ వంటి స్టిరాయిడ్‌ను ఎవరైనా కోడికి వరసగా ఎక్కిస్తే కండ పెరగడం మాట అటుంచి, ఉన్న కండ కరిగిపోతుంది. అలా ఎందుకు కరుగుతుందో తెలిస్తే ఎండాకాలంలో షెడ్డులో జరిగేదంతా తెలిసినట్టే.

ఒత్తిడి అన్న మాటను ఈ రోజుల్లో ఆఫీసు పనికీ, పిల్లల పరీక్షలకూ వాడుతున్నాం గానీ, శరీరశాస్త్రంలో దానికి పునాది పడింది ఎలుకల మీద. మాంట్రియల్‌లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త ఎలుకలను చలికి, గాయానికి, రకరకాల విషాలకు గురిచేసి, ఏ బాధ పెట్టినా ఒంట్లో కనిపించే మార్పులు ఒకేలా ఉన్నాయని గమనించాడు. మూత్రపిండాలకు ఆనుకుని ఉండే అధివృక్క గ్రంథులు ఉబ్బాయి, రోగనిరోధకానికి పనికొచ్చే థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది, జీర్ణకోశంలో పుండ్లు పడ్డాయి. 1936లో ఆ సంగతిని ఆయన నేచర్ పత్రిక సంపాదకుడికి ఒక చిన్న ఉత్తరంగా రాసి పంపాడు. సంపాదకులకు ఉత్తరాలు రాసే అలవాటున్న నాబోటివాళ్లకు ఇది కాస్త గర్వంగా చెప్పుకునే విషయమే.

కోడిలో ఆ వ్యవస్థ ఇలా నడుస్తుంది. కుక్క మొరిగినా, పైన గద్ద నీడ పడినా, షెడ్డులోకి కొత్త మనిషి అడుగుపెట్టినా ముందుగా స్పందించేది నాడులు. క్షణాల్లో అడ్రినలిన్, నార్ అడ్రినలిన్ రక్తంలోకి వచ్చి గుండె వేగం పెంచుతాయి, కాలేయంలో దాచిన పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చి కండరాలకు పంపుతాయి, దాంతో కోడి ఎగరడానికో పరుగెత్తడానికో సిద్ధమవుతుంది. దాని వెనకే రెండో వరస కదులుతుంది. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ నుంచి ఒక ప్రేరక హార్మోనూ, దానికి తోడుగా పక్షుల్లో ఉండే వాసోటోసిన్ అనే మరో హార్మోనూ వెలువడి పీయూష (పిట్యూటరీ) గ్రంథికి కబురు చేరుస్తాయి. పీయూష గ్రంథి ఏసీటీహెచ్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతుంది. అది అధివృక్క గ్రంథికి చేరగానే అక్కడ కార్టికోస్టిరాన్ తయారై రక్తంలో పెరుగుతుంది. మీ వార్తలో కార్టిసాల్ అని రాశారు. అది మనిషికీ, పశువుకూ ముఖ్యమైన హార్మోను. కోడి ఒంట్లో ఆ పని చేసేది ప్రధానంగా కార్టికోస్టిరాన్. ఇంకో తేడా కూడా ఉంది. గేదెను కోసి చూస్తే అధివృక్క గ్రంథిలో పై పొర వేరుగా, లోపలి గుజ్జు వేరుగా కనిపిస్తాయి, పై పొర స్టిరాయిడ్లనూ లోపలిది అడ్రినలిన్‌నూ తయారుచేస్తాయి. కోడిలో ఆ రెండు రకాల కణాలూ పప్పూ బియ్యమూ కలిసిన కిచిడీలాగా ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి.

అడ్రినలిన్‌కు క్షణాలు చాలు, కార్టికోస్టిరాన్‌కు కొన్ని నిమిషాలు పడుతుంది. అందుకే ప్రశాంతంగా ఉన్న కోడి రక్తంలో ఈ హార్మోను ఎంత ఉందో కొలవాలంటే దాన్ని పట్టుకున్న మూడు నిమిషాల్లోపే రక్తం తీయాలంటారు, ఆ తర్వాత తీస్తే మనం పట్టుకున్నందుకు పెరిగినదే లెక్కలోకి వస్తుంది. భయపెట్టింది పోయాక, రక్తంలో పెరిగిన కార్టికోస్టిరానే మళ్లీ మెదడుకూ పీయూష గ్రంథికీ చేరి "ఇక చాలు" అని ఆ గొలుసును ఆపుతుంది. పిల్లి వచ్చి వెళ్లిపోతే కోడి కాసేపటికి మామూలుగా గింజలు ఏరుకుంటుంది కదా, దాని లోపల జరిగేది ఇదే. ఈ ఏర్పాటు లేకపోతే పెరట్లో తిరిగే కోడి ఒక్కటీ బతికి బట్టకట్టేది కాదు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, పిల్లి వచ్చి పోతుంది గానీ మన రేకుల షెడ్డులో రోహిణి కార్తె ఎండ ఉదయం పదింటికి వచ్చి సాయంత్రం దాకా పోదు, మర్నాడు మళ్లీ వస్తుంది.

కార్టికోస్టిరాన్ రోజుల తరబడి ఎక్కువగా ఉంటే కోడి ఒంట్లో పొదుపు లెక్కలు తారుమారవుతాయి. కండలోని ప్రోటీనును విరగ్గొట్టి చక్కెరగా మార్చడం మొదలవుతుంది, పొట్ట దగ్గర కొవ్వు పేరుకుంటుంది. దాణా తిన్నా బరువు రాదు. షెడ్డు యజమాని రిజిస్టరులో చూస్తే బస్తాలు ఖర్చయినట్టు ఉంటుంది, కాటా మీద చూస్తే కోడి ఉండదు. ప్రయోగశాలల్లో కార్టికోస్టిరాన్‌నే దాణాలో కలిపి కోళ్లకు పెట్టి చూసినప్పుడూ సరిగ్గా ఇదే జరిగింది, రొమ్ము కండ తగ్గి పొట్ట కొవ్వు పెరిగింది. హార్మోను పెట్టి కోడిని బలిపిస్తారన్న మాట ఈ హార్మోను విషయంలోనైతే పూర్తిగా తలకిందులు.

అంతకన్నా పెద్ద నష్టం కంటికి కనిపించని చోట జరుగుతుంది. కోడి ముడ్డి దగ్గర, పెంట వచ్చే సంచికి పైభాగాన, చిన్న రేగుపండంత గుండ్రటి అవయవం ఒకటి ఉంటుంది. ఇటలీలోని పాదువాలో పనిచేసిన ఫాబ్రిషియస్ అనే శరీరశాస్త్రజ్ఞుడు దాన్ని వర్ణించాడు కనుక ఆయన పేరుతోనే ఫాబ్రిషియస్ బర్సా అంటారు. అదెందుకు ఉందో మూడు శతాబ్దాలకు పైగా ఎవరికీ తెలియలేదు. 1950లలో అమెరికాలో బ్రూస్ గ్లిక్ అనే విద్యార్థి దాన్ని తీసేసిన కోళ్లలో ప్రతిరక్షకాలు సరిగా తయారు కావడం లేదని గమనించడంతో గుట్టు బయటపడింది. మనుషుల రక్తపరీక్షలో కూడా బీ కణాలు అని చదువుతుంటాం, ఆ బీ అక్షరం ఈ బర్సా నుంచి వచ్చిందే. కార్టికోస్టిరాన్ ఎక్కువ రోజులు పెరిగి ఉంటే ఈ బర్సా, థైమస్, ప్లీహం మూడూ చిక్కిపోతాయి. శవపరీక్షలో నేను ఎన్నోసార్లు వేలితో తడిమి చూశాను: నాలుగు వారాల కోడిలో బొద్దుగా, తేమగా ఉండాల్సిన బర్సా శనగగింజలా వాడిపోయి ఉండేది. గంబోరో అనే వైరస్ తెగులులో కూడా ఇది పాడవుతుంది కనుక కంటితో చూసి ఒక్క మాట మీద తేల్చడానికి వీల్లేదు, కోసినవాడు మిగతా లక్షణాలన్నీ చూసుకోవాలి.

టీకా గురించి రైతులు చేసే ఫిర్యాదు ఇక్కడికి ముడిపడి ఉంది. కొక్కెర తెగులు అని మనం పిలిచే రాణిఖేత్‌కు సాధారణంగా మొదటి వారంలో ఒకసారి, మూడు నాలుగు వారాల మధ్య మరోసారి టీకా వేస్తారు, మధ్యలో గంబోరో టీకా. అన్నీ వేసినా తెగులు వచ్చిందంటే టీకా మందు పాడైందనో, కంపెనీవాళ్లు మోసం చేశారనో అంటారు. మందు చల్లగా ఉంచకపోతే పాడవడం నిజమే. కానీ మిట్టమధ్యాహ్నం రొప్పుతున్న కోళ్లకు, ముందు రోజే గాలివానకు బెదిరిన కోళ్లకు టీకా నీళ్లు పోస్తే, దానికి జవాబు చెప్పాల్సిన బర్సా, తెల్లకణాలు అప్పటికే అలసి ఉంటాయి. టీకా అనేది కోడికి మనం ఇచ్చే పాఠం, వినే స్థితిలో ఉన్నప్పుడు చెప్పాలి. తెల్లవారుజామున, కోళ్లు నెమ్మదిగా ఉన్న రోజు చూసుకుని, క్లోరిన్ లేని నీళ్లలో కొంచెం పాలపొడి కలిపి ఇమ్మని నా సర్వీసులో ఎన్ని వందల సార్లు చెప్పానో లెక్కలేదు.

ఇక ఎండ. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీలు దాటి ఉంటుంది, దానికి చెమట గ్రంథులు లేవు. బయట 44 డిగ్రీలు ఉన్నప్పుడు ఒంటి వేడిని బయటకు పంపడానికి దానికి మిగిలిన దారి ఒక్కటే, నోరు తెరిచి రొప్పడం. అలా రొప్పుతున్నకొద్దీ రక్తంలోని బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోయి రక్తం క్షారం వైపు మొగ్గుతుంది, దాంతో పనికొచ్చే రూపంలోని కాల్షియం తగ్గి గుడ్డుపెంకు పలచబడుతుంది. ఇదే సమయంలో అవటు (థైరాయిడ్) గ్రంథి నుంచి వచ్చే చురుకైన హార్మోను తగ్గుతుంది, అంటే కోడి తన పొయ్యిమంటను తానే తగ్గించుకుంటుందన్నమాట. తిండి మానేస్తుంది. ఇది రోగం కాదు, ప్రాణం కాపాడుకునే తెలివి. ఆ సమయంలో కొందరు రైతులు ఫీడర్లు కదిలించి, తినని కోళ్లను బలవంతంగా లేపి తినిపించాలని చూస్తారు. తిన్న దాణా అరిగేటప్పుడు పుట్టే వేడి తిన్న కొన్ని గంటలకు ఎక్కువవుతుంది. ఉదయం పదింటికి కడుపు నింపుకున్న కోడికి ఆ లోపలి వేడీ, మధ్యాహ్నం రెండు గంటల ఎండా ఒకేసారి తగులుతాయి. తెల్లవారకముందే లైట్లు వేసి చల్లటి వేళ తిననిచ్చి, తొమ్మిదికల్లా ఫీడర్లు పైకెత్తి, సాయంత్రం ఐదు దాటాక దించడం మేలు. దించేటప్పుడు అన్నీ ఒకేసారి ఎగబడి ఒకదాన్నొకటి గోళ్లతో రక్కుకుంటాయి కనుక ఫీడర్లు సరిపడా ఉండాలి.

నీళ్ల విషయంలో జరిగే పొరపాటు ఇంకా విచిత్రమైనది. షెడ్డు పైన నల్ల ప్లాస్టిక్ ట్యాంకు, అక్కడి నుంచి రేకుల కిందుగా పైపు, ఆ పైపుకు కోడి ముక్కుతో పొడిచి తాగే నిపుళ్లు. మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు ఆ పైపును పట్టుకుని చూస్తే చెయ్యి చురుక్కుమంటుంది. రైతు మాత్రం నీళ్లు ఇరవై నాలుగు గంటలూ ఉన్నాయి సార్ అంటాడు. ఉన్నాయి, కానీ కోడి ముక్కు పెట్టి వెనక్కి తీసుకుంటోంది. మామూలు రోజుల్లో తిన్న దాణాకు రెండింతలు నీళ్లు తాగే కోడికి ఎండాకాలంలో అంతకు రెట్టింపు కావాలి. ట్యాంకుకు గోనెపట్టాలు చుట్టి తడపడం, గంటకోసారి పైపులోని వేడినీళ్లు వదిలేయడం, రేకులకు సున్నం కొట్టి పైన వరిగడ్డి పరవడం, ఇవన్నీ మన జిల్లాలో ఏ ఊళ్లోనైనా చేయగలిగిన పనులే. 2015 మే వడగాలులు ఎవరూ మరిచిపోలేదు. ఆ రోజుల్లో నేను తిరిగిన షెడ్లలో నష్టం తక్కువైనవి ఇలాంటి చిన్న పనులు మానకుండా చేసినవే.

ఎండ ఒక్కటే అయితే ఇంత రాయాల్సిన పనిలేదు. కోడికి శబ్దం కూడా ఒక వేటగాడే. మా వైపు ఒక ఊళ్లో షెడ్డుకు వంద గజాల దూరంలో పెళ్లి జరిగింది. రాత్రి బరాత్ తీశారు, డీజే పెట్టారు, పటాకులు కాల్చారు. తెల్లారి ఆ రైతు ఫోన్ చేసి, "సారూ, రాత్రి పదింటిదాక మంచిగనే ఉండె, పొద్దుగాల చూస్తే మూలకు కుప్పలెక్క పడున్నయ్" అన్నాడు. వెళ్లి చూశాను. షెడ్డుకు ఈశాన్య మూలన, రోడ్డుకు దూరంగా ఉన్న వైపు, కోళ్లు మోకాలెత్తు గుట్టగా పడి ఉన్నాయి. అడుగున ఉన్నవి ఊపిరాడక చచ్చాయి, ఒంటి మీద ఒక్క గాయం లేదు. తెగులేమో అని అప్పటికే ఎవరో చెప్పగా ఆయన రెండు రకాల యాంటీబయాటిక్ పొడులు కొనుక్కొచ్చి నీళ్లలో కలిపేసి ఉన్నాడు. చచ్చినవాటికి మందు అక్కర్లేదు, బతికినవాటికి అవసరం లేదు. వాటికి కావాల్సింది రెండు మూడు రోజుల నిశ్శబ్దం.

అడ్రినలిన్ గుడ్డు మీద రాసే రాత కూడా ఒకటుంది. నాంపల్లి మండలంలో ఒక ముసలమ్మకు పెరట్లో పెంచుకోవడానికి గ్రామప్రియ కోళ్లు ఇచ్చాం. ఇవి, వనరాజా కోళ్లు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం వారు పెరటి పెంపకం కోసం తయారుచేసిన రకాలు, గ్రామప్రియ గోధుమరంగు గుడ్లు పెడుతుంది. ఆమె ఒకరోజు కొంగులో నాలుగు గుడ్లు తెచ్చి బల్ల మీద పెట్టి, "బిడ్డా, ఎవలన్న నా కోళ్లకు చేతబడి చేసిన్రా? గుడ్డుకు సున్నం కొట్టినట్టయింది" అంది. నిజంగానే రెండు గుడ్ల మీద గోధుమరంగు పైన తెల్లటి పొడి పూత ఉంది, వేలితో రుద్దితే రాలుతోంది. మూడోది ఒక పక్క నొక్కినట్టు చదునుగా ఉంది, నాలుగోది రంగు సరిగా ఎక్కక పాలిపోయి ఉంది. అడగ్గా అడగ్గా తేలిందేమంటే, రెండు రోజుల కిందట కోతుల గుంపు వచ్చి గూడు మీద దుమికింది. గుడ్డు తనకు పెంకు పట్టే సంచిలో సుమారు ఇరవై గంటలు ఉంటుంది, గోధుమరంగు చివరి గంటల్లో పడుతుంది. సరిగ్గా పెట్టే వేళకు కోడి బెదిరితే అడ్రినలిన్ వల్ల సంచి కండరాలు గుడ్డును బయటకు నెట్టకుండా ఆగిపోతాయి. లోపల ఆగిన గుడ్డుకు మీద మీద సున్నం పడుతుంది, ఈలోగా వెనక నుంచి మరో గుడ్డు వచ్చి తగిలితే పక్క చదునవుతుంది. సమయానికి ముందే జారిపోయిన గుడ్డుకు రంగు పట్టదు. ఆ నాలుగు గుడ్లలో కోతులు వచ్చిన రాత్రి మొత్తం అచ్చయి ఉంది. నేను ఆమెకు మందు రాయలేదు, గూటికి గట్టి తలుపు, పైన జాలీ పెట్టించుకోమన్నాను. చేతబడి మాట ఆమె పూర్తిగా వదులుకుందో లేదో చెప్పలేను.

అంగడి రోజున కాళ్లు కట్టిన కోళ్లను మోటారు సైకిలు హ్యాండిలుకు తలకిందులుగా వేలాడదీసి తీసుకెళ్లడం మనం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. మొదట రెక్కలు కొట్టుకుంటాయి, మెడ పైకెత్తి చూస్తాయి, కాసేపటికి సద్దుమణుగుతాయి. అలవాటు పడ్డాయిలే అనుకుంటాం. కోడికి మనలాగా ఊపిరికి సాయపడే కండరపు విభాజకం లేదు, తలకిందులైనప్పుడు లోపలి అవయవాలన్నీ గాలిసంచుల మీద పడతాయి. తలకిందులుగా పట్టుకున్న బ్రాయిలర్లలో, నిటారుగా పట్టుకున్నవాటికన్నా కార్టికోస్టిరాన్ ఎక్కువ ఉన్నట్టు పరిశోధకులు 1990లలోనే కొలిచి చూపారు. ఆ కదలకపోవడం కూడా శాంతి కాదు. కోడిని వెల్లకిలా పడుకోబెట్టి కాసేపు అదిమి పట్టి వదిలితే బిగుసుకుపోయి పడి ఉంటుంది, పిల్లలు ఆడే ఆ ఆటనే కిర్షర్ అనే జెస్యూట్ పండితుడు 1646లో కోడి ఊహాశక్తికి సంబంధించిన వింతగా రాశాడు. నేటి శాస్త్రం దాన్ని భయానికి కొలతగా వాడుతుంది, ఎంత ఎక్కువసేపు బిగుసుకుంటే అంత భయమన్నమాట. 1960 జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ జంతువుకు అనవసరమైన బాధ కలిగేలా మోయడాన్ని నేరంగానే చెప్పింది. చట్టం పక్కన పెట్టినా, కొనేవాడి లాభం చూసినా అంతే: కొట్టుకుని కొట్టుకుని కండలోని చక్కెర నిల్వ కరిగిపోయిన కోడి మాంసం సరిగా ఉండదు, తొడల దగ్గర రక్తం గడ్డకట్టి నల్లగా కనిపిస్తుంది.

షెడ్లలో జరిగే లిఫ్టింగ్, అంటే పెరిగిన కోళ్లను అమ్మకానికి బండికెత్తడం, కూడా ఇందులోకే వస్తుంది. కాంట్రాక్టు పద్ధతిలో కోళ్లు పెంచే రైతు చేతిలో ఎప్పుడు ఎత్తాలన్నది ఉండదు. డీసీఎం బండి ఎప్పుడొస్తే అప్పుడే, మధ్యాహ్నం ఒంటిగంటైనా సరే. నా బంధువు షెడ్డులో ఒకసారి అలా మండుటెండలో ఎత్తినప్పుడు బండి ఊరి పొలిమేర దాటేలోపే కోళ్లు చనిపోయాయి, ఆ నష్టం ఎవరి లెక్కలో వేయాలన్నదానిపై నెల రోజులు నడిచింది గొడవ. రాత్రి, మసక వెలుతురులో, నలుగురు మనుషులు నెమ్మదిగా పట్టుకుని ఎత్తితే కోడి అంతగా బెదరదు. కోడిపిల్లలుగా ఉన్నప్పటి నుంచీ రోజూ మనిషి నెమ్మదిగా వాటి మధ్య తిరిగిన షెడ్లలో పెద్దయ్యాక భయం తక్కువగా ఉంటుందన్నది పరిశోధనల్లోనూ తేలింది, షెడ్డులోకి విజిల్ వేసుకుంటూ వెళ్లే మన పనివాళ్లకు ఎప్పటి నుంచో తెలిసిందే.

మందుల విషయంలో ఒక్క మాట. ఎండాకాలం రాగానే దుకాణాల్లో ఒత్తిడి మందులు అని రంగురంగుల సీసాలు అమ్ముతారు. వాటిలో పనికొచ్చేవి లేకపోలేదు. కోడి విటమిన్ సి ని తన మూత్రపిండాల్లో తానే తయారుచేసుకుంటుంది, ఆ విటమిన్ అధివృక్క గ్రంథిలో ఎక్కువగా ఉండి ఒత్తిడిలో వేగంగా ఖర్చవుతుంది. ఎండల్లో తయారైనది చాలదు కనుక కిలో దాణాకు రెండు వందల నుంచి రెండు వందల యాభై మిల్లీగ్రాముల చొప్పున ఇస్తే కొంత మేలు ఉంటుంది. నకిరేకల్ నిమ్మ మార్కెట్ పక్కనే ఉన్న మనం పెరటి కోళ్లకు నీళ్లలో నిమ్మకాయ పిండి పోయడం తప్పేమీ కాదు, కాకపోతే కలిపిన వెంటనే తాగేలా చూడాలి, ఇనుప తొట్టిలో గంటల తరబడి ఉంచితే ఆ గుణం పోతుంది. యాంటీబయాటిక్ మాత్రం ఎండకు మందు కాదు. అన్ని సీసాలూ కొన్నా షెడ్డులో నీడ, గాలి లేకపోతే అవి చిల్లుకుండలో పోసిన నీళ్లే.

మన ప్రభుత్వ ప్రయోగశాలలు తలుచుకుంటే చేయగలిగిన ఒక చౌక పరీక్ష గురించి కూడా చెప్పాలి. హార్మోనును నేరుగా కొలవడం ఖరీదు, పైగా ముందే చెప్పినట్టు పట్టుకుని మూడు నిమిషాలు దాటితే లెక్క తప్పుతుంది. రక్తంలోని తెల్లకణాలు అంత తొందరగా మారవు. కార్టికోస్టిరాన్ పెరిగిన కొన్ని గంటలకు వాటిలో హెటిరోఫిల్ అనే రకం పెరిగి లింఫోసైట్లు అనే రకం తగ్గుతాయి. గ్రాస్, సీగెల్ అనే శాస్త్రవేత్తలు 1983లో ఈ రెండింటి నిష్పత్తినే కోడి ఒత్తిడికి కొలతగా వాడవచ్చని చూపారు. నిష్పత్తి 0.2 దగ్గర ఉంటే ఒత్తిడి తక్కువ, 0.5 దగ్గర మధ్యస్థం, 0.8 దగ్గర ఎక్కువ అని వారు ఆ తర్వాత రాసిన లెక్క. దీనికి కావాల్సింది రెక్క నరం నుంచి ఒక చుక్క రక్తం, ఒక గాజుపలక, రంగు, సూక్ష్మదర్శిని. ఇవన్నీ జిల్లా ప్రయోగశాలలో ఉన్నవే. ఏప్రిల్, మే నెలల్లో వారానికొకసారి కొన్ని షెడ్ల నుంచి ఇలా పలకలు తెప్పించుకుని చూస్తే కోళ్లు చావడం మొదలుకాకముందే ఏ షెడ్డులో ఎంత ఇబ్బంది ఉందో తెలుస్తుంది.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం, విద్యుత్ అధికారులకు మరొకటి. మధ్యాహ్నం వేళ మరమ్మతుల కోసం కరెంటు తీయాల్సి వస్తే, కోళ్ల షెడ్లున్న లైన్ల రైతులకు ముందు రోజే ఒక సందేశం పంపితే చాలు, వాళ్లు జనరేటరుకు డీజిల్ పోయించుకుంటారు. ఇక మీరు రోజూ మొదటి పేజీ మూలన నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేటల గరిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కటే వేస్తున్నారు. కోడికి అది సగం సమాచారమే. రొప్పడం వల్ల ఒళ్లు చల్లబడాలంటే గాలి పొడిగా ఉండాలి. జూన్ మొదట్లో ఒక వాన పడి ఉష్ణోగ్రత 40 కంటే దిగిందని అందరూ ఊపిరి పీల్చుకున్న రోజునే, ఆ ఉక్కపోతలో, నేను ఎక్కువ కోళ్లు చావడం చూశాను. ఆ రోజున నీటి తుంపర చల్లే ఫాగర్లు తిప్పి షెడ్డులో ఇంకా తేమ పెంచిన రైతులు ఉన్నారు, వాళ్ల తప్పు కాదు, వాళ్లకు తేమ అంకె ఎవరూ చెప్పలేదు. రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత కూడా అంతే ముఖ్యం, రాత్రి చల్లబడితేనే కోడి పగటి దెబ్బ నుంచి తేరుకుంటుంది. అందువల్ల మార్చి నుంచి జూన్ నెలాఖరు వరకు ఆ పెట్టెలో గరిష్ఠం పక్కన రాత్రి కనిష్ఠం, మధ్యాహ్నం గాలిలో తేమ శాతం కూడా అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను. రెండు అంకెల జాగా చాలు.

భవదీయుడు,
ఒక విశ్రాంత పశువైద్యుడు,
నకిరేకల్ ప్రాంతం, నల్లగొండ జిల్లా.